రాగి ఎక్కడ తగ్గించొచ్చు, ఎక్కడ తగ్గించకూడదు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఇంటి వైరింగ్ ఖర్చు గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి, ఎక్కువగా విజయవాడ, గుంటూరు నుంచే, దాదాపు అన్నీ రాగి చుట్టూనే తిరిగాయి. ఒకరికి రాగి ధర భయం, ఇంకొకరికి అల్యూమినియం పేరు వింటేనే భయం. అందుకని ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: గుంటూరు విద్యానగర్‌లో మూడంతస్తుల ఇల్లు కడుతున్నాం. కింద మేము, పైన అబ్బాయిలిద్దరు. రాగి వైరు ఎస్టిమేటు చూసి కళ్లు తిరిగాయి. ఎలక్ట్రీషియనేమో "ఇల్లంతా అల్యూమినియం వేసేద్దాం సార్, సగానికి సగం మిగులుద్ది, స్తంభాల మీద కరెంటోళ్లు వేసేది కూడా అదేగా" అంటున్నాడు. రాగిని బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్నాం కాబట్టి దేశానికి కూడా మంచిదే అని మా పెద్దాడు వంత పాడుతున్నాడు. ఏం చేయమంటారు? – రిటైర్డ్ టీచర్, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి ఆలోచన మంచిది, స్తంభాల సంగతి కూడా నిజమే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి టవర్ల మీదుగా వచ్చే లైను మొదలుకొని మీ వీధి చివర స్తంభం దాకా కరెంటును మోసేది అల్యూమినియమే. మోసే శక్తిలో రాగి నూరైతే అల్యూమినియం 61, కాబట్టి అదే పనికి వైరు అడ్డకోత వైశాల్యం, అంటే స్క్వేర్ ఎం.ఎం. లెక్క, అరవై శాతం ఎక్కువ ఉండాలి. కానీ రాగి సాంద్రత 8.96 అయితే దీనిది 2.7, అందుకని కిలో రాగి చేసే పని అర కిలో అల్యూమినియం చేసిపెడుతుంది. 2024 మే నెలలో లండన్ మార్కెట్‌లో టన్ను రాగి 11,000 డాలర్లు దాటినప్పుడు అల్యూమినియం ధర అందులో నాలుగో వంతు. ఇన్ని లాభాలుంటే మరి ఇల్లంతా ఎందుకు వేయకూడదు అంటే, చిక్కు వైరులో లేదు, వైరు చివర ఉంది.

అల్యూమినియం తీగ మీద తొడుగు తీసిన మరుక్షణం గాలి తగిలి ఒక పొర కడుతుంది, కంటికి కనపడదు, కానీ అది కరెంటును సరిగా పోనివ్వదు. రెండోది, అది మెత్తని లోహం. స్క్రూ కింద పెట్టి బిగిస్తే కొన్నాళ్లకు నొక్కుకుపోయి పక్కకు జరుగుతుంది, స్క్రూ ఎవరూ ముట్టుకోకుండానే లూజవుతుంది. మూడోది, వేడెక్కితే రాగికన్నా మూడో వంతు ఎక్కువ సాగుతుంది. గీజరు వేసినప్పుడల్లా సాగడం, ఆపినప్పుడల్లా ముడుచుకోవడం, రోజుకు నాలుగుసార్లు చొప్పున ఏళ్ల తరబడి. లూజైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా లూజవుతుంది. మన మే నెల ఎండలకు గోడలోపల వైరు ముందే వేడిగా ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇది అనుభవం మీద తేలిన విషయమే. రాగి ధర పెరిగిందని అమెరికాలో 1965 నుంచి 1973 దాకా దాదాపు 20 లక్షల ఇళ్లకు గోడల్లో అల్యూమినియం వైరు వేశారు. వినియోగ వస్తువుల భద్రత చూసే వాళ్ల ప్రభుత్వ సంస్థ తర్వాత లెక్క తీస్తే, 1972కు ముందు అలా కట్టిన ఇళ్లలో కనెక్షన్లు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి వైరు ఇళ్లకన్నా 55 రెట్లు ఎక్కువని తేలింది. ఆ తర్వాత మెరుగైన మిశ్రమాలు వచ్చాయి నిజమే, కానీ మన షాపుల్లో దొరికే స్విచ్చులు, ప్లగ్గులు రాగి తీగ కోసం చేసినవి.

అందుకే ఎవరు అడిగినా నేను కిలోలతో పాటు చివరలు కూడా లెక్కపెట్టమంటాను. మీ ఇంట్లో ఒక్కో అంతస్తుకు ఒకటిన్నర వైరు (1.5 స్క్వేర్ ఎం.ఎం.) ఆరు కాయిళ్లు పట్టాయనుకోండి. 90 మీటర్ల కాయిల్‌లో రాగి 1.2 కిలోలు, అంటే మొత్తం ఏడు కిలోల పైచిలుకు. ఆ ఏడు కిలోలకు స్విచ్చుల్లో, హోల్డర్లలో, ఫ్యాను రెగ్యులేటర్లలో కలిపి రెండు వందలకు పైగా చివరలు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక అనుమానం. ఇప్పుడు గేటు దగ్గర మీటర్ల నుంచి మూడు అంతస్తుల డీబీలకు (అంతస్తులోని లైన్లకు కరెంటు పంచే పెట్టెలకు) వెళ్లే లావు కేబుళ్లు చూడండి. ఒక్కోటి 25 మీటర్లు ఉంటుందనుకుందాం. 10 స్క్వేర్ ఎం.ఎం. రాగి వేస్తే ఒక్కో అంతస్తుకు నాలుగున్నర కిలోలు, మూడింటికీ కలిపి పదమూడు కిలోలకు పైనే. దాని బదులు 16 స్క్వేర్ ఎం.ఎం. అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ వేయించండి, రెండు కిలోల చొప్పున సరిపోతుంది. ఫేజు, న్యూట్రల్ కలిపి మొత్తం చివరలు పన్నెండు. పన్నెండింటికీ దగ్గర నిలబడి లగ్గు (కేబుల్ చివరకు తొడిగి నొక్కే లోహపు గొట్టం) వేయించుకోవచ్చు, ఏటా ఒకసారి తెరిచి చూసుకోవచ్చు. గోడలో పూడిపోయిన రెండు వందల చివరల్ని ఎవరు చూస్తారు?

ఇంకొకటి, ఎర్తింగ్. చాలామంది "రాగి ప్లేటు అయితేనే గట్టి" అని పట్టుబడతారు. 60 సెంటీమీటర్లకు 60 సెంటీమీటర్లు, 3.15 ఎం.ఎం. మందం, అదీ ఆ రాగి ప్లేటు కొలత. తూకం వేస్తే పది కిలోలు! అంటే ఒకటిన్నర వైరు ఎనిమిది కాయిళ్ల రాగిని ఒక్క గుంటలో పాతిపెడుతున్నాం, రెండు గుంటలైతే ఇరవై కిలోలు. మీ ఇంటికి రెండున్నర మీటర్ల పొడవు, 40 ఎం.ఎం. జీఐ (జింకు పూత ఇనుము) పైపు చాలు, ప్రమాణాలు కూడా దాన్ని ఒప్పుకుంటాయి. ఎర్తింగ్ బాగుండాలంటే లోహంకన్నా నేలలో తడి ముఖ్యం. మీ వైపు నల్లరేగడి కాబట్టి తడి నిలుస్తుంది, వేసవిలో నెర్రెలిచ్చినప్పుడు మాత్రం గుంటలో నీళ్లు పోయడం మరిచిపోకండి. గుణదల కొండ పక్కన రాతినేల మీద కట్టుకునేవాళ్లకు ఈ మాట వర్తించదు, వాళ్లు టెస్టు చేయించుకుని ఎన్ని గుంటలు కావాలో తేల్చుకోవాలి. సముద్రం దగ్గర ఉప్పు నేలల్లో జీఐ త్వరగా తుప్పు పడుతుంది, అక్కడ కూడా ఆలోచించాలి.

మేస్త్రీ గోడలు కొట్టకముందే ఇంకో పని చేయండి. డీబీని వీధి గుమ్మం పక్కన కాకుండా ఏసీలు, వంటిల్లు, బాత్‌రూములకు మధ్యలో పెట్టించండి. నాలుగు లైన్లకు ఆరేసి మీటర్లు తగ్గినా, ఫేజు, న్యూట్రల్ కలిపి 48 మీటర్ల నాలుగు (4 స్క్వేర్ ఎం.ఎం.) వైరు, అంటే కిలోన్నరకు పైగా రాగి మిగులుతుంది, అదీ ఒక్క అంతస్తులో. దీనికి కొత్త లోహమేమీ అక్కర్లేదు, కాగితం మీద పెన్సిలు గీత చాలు.

గోడల్లో నడిచే ఒకటిన్నర, రెండున్నర, నాలుగు వైర్లు మాత్రం రాగివే వేయించండి మాస్టారూ. ఆకుపచ్చ ఎర్తు వైరుతో సహా.

ప్రశ్న: మాది భవానీపురంలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, నేను అసోసియేషన్ కార్యదర్శిని. సెల్లార్‌లో మీటర్ల నుంచి ఫ్లాట్లకు వెళ్లే కేబుల్ అల్యూమినియం అని మొన్నే తెలిసింది. బిల్డరు మోసం చేశాడని అందరూ గొడవ. మొత్తం పీకేసి రాగి వేయించాలంటే ఫ్లాటుకు ఎంత వసూలు చేయాలి? – విజయవాడ

జవాబు: అమ్మా, వసూలు ఆపండి. మోసమేమీ జరగలేదు. లావు కేబుల్ అల్యూమినియం వేయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, 16 స్క్వేర్ ఎం.ఎం. అయితే ఫ్లాటుకు 40 ఆంప్స్ దాకా నిశ్చింతగా మోస్తుంది. ఒక్కో ఫ్లాటుకు సగటున ఇరవై మీటర్లు వేసుకున్నా, రాగి అయితే మీ ఒక్క బిల్డింగుకే డెబ్బై కిలోలు పట్టేది.

అయితే కేబుల్ చివరలు చూడకుండా నా మాట నమ్మొద్దు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి, ఒక్కో మీటరు పెట్టె తెరిపించండి. ఇలాంటి ఒక సెల్లార్‌లో నేను కళ్లారా చూసింది చెబుతాను. కేబుల్‌లో ఏడు పోగులుంటే, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు) రంధ్రంలో పట్టలేదని రెండు పోగులు కట్టింగ్ ప్లేయరుతో కోసేసి మిగతా ఐదూ దూర్చి స్క్రూ బిగించారు. లగ్గు లేదు. తొడుగు చివర అంగుళం మేర ఎరుపు రంగు పోయి కాల్చిన వంకాయ తొక్కలాగా ముడతలు పడింది. వేలితో కదిలిస్తే కేబుల్ కదిలింది. ఆ ఫ్లాటువాళ్లు ఏసీ వేసినప్పుడల్లా లైట్లు డిమ్మవుతున్నాయని ఏడాదిగా చెబుతున్నారట, అందరూ ఓల్టేజీ తక్కువ అనుకున్నారు.

ఎలా ఉండాలంటే, పోగులన్నీ పూర్తిగా ఉండాలి, వాటిని వైరు బ్రష్‌తో రుద్ది, పొర కట్టకుండా ఆపే పేస్టు పూసి, సైజుకు తగిన లగ్గులో పెట్టి క్రింపింగ్ మెషిన్‌తో నొక్కాలి. ప్లేయరుతో నొక్కితే అది క్రింపింగ్ కాదు. రాగి బస్‌బారుకు (కరెంటు పంచే లోహపు పట్టీకి) కలిసే చోట ఒక పక్క అల్యూమినియం, ఇంకో పక్క రాగి ఉండే బైమెటల్ లగ్గు దొరుకుతుంది, అదే వేయించండి. ఉత్త అల్యూమినియం రాగికి తగిలి, సెల్లార్ చెమ్మ కూడా తోడైతే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఇరవై ఫ్లాట్లకూ లగ్గులు మార్పించినా కేబుల్ మార్చే ఖర్చుతో పోలిస్తే చాలా చిన్న మొత్తం.

ప్రశ్న: బ్రాడీపేటలో మా అమ్మమ్మ ఇల్లు డెబ్బైల్లో కట్టింది. చెక్క పట్టీల మీద తెల్లటి తీగలు. ఈమధ్య ఒక స్విచ్‌బోర్డు దగ్గర చేపలు కుళ్లినట్టు వాసన వస్తోంది. ఎలుక చచ్చిందని వెతికాం, దొరకలేదు. ఇది వైరింగ్ వల్లనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అవునమ్మా, దాదాపు ఖాయంగా అదే. స్విచ్‌బోర్డుల్లో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్కులు వేడికి కమిలినప్పుడు అచ్చం అలాంటి వాసనే వస్తుంది. ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆ బోర్డుకు వెళ్లే ఫ్యూజు తీయించండి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా పెట్టొద్దు.

అరవైలు, డెబ్బైల్లో మన దేశంలో రాగి కొరత, దిగుమతికి విదేశీ మారకం కొరత. అందుకే అప్పటి ఇళ్లలో అల్యూమినియం వేశారు, అప్పటికి అది దొరికినదాంట్లో మంచి దారే. అప్పుడు ఇంటికి నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. ఇప్పుడదే తీగ మీద ఫ్రిజ్, మిక్సీ, ఇస్త్రీపెట్టె. బోర్డు తెరిస్తే మీకు బహుశా ఇది కనిపిస్తుంది: స్క్రూ కింద తీగ అరిగి బూడిద రంగు పొడి రాలి ఉంటుంది, ఆ తీగను రెండుసార్లు అటూ ఇటూ వంచితే టప్పున విరుగుతుంది.

మొత్తం మార్చడమే మేలు, పట్టీల మీద వైరింగ్ కాబట్టి గోడలు పగలగొట్టే పని కూడా ఉండదు. ఒక్కసారిగా అంత డబ్బు కుదరకపోతే డీబీ నుంచి ఫ్రిజ్, గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీలకు కొత్త రాగి లైన్లు విడిగా లాగించి, పాత తీగ మీద ఎల్‌ఈడీ లైట్లు, ఫ్యాన్లు మాత్రమే ఉంచండి, అదీ కొన్నాళ్లే. ఆ లోపు ఎవరైనా పాత అల్యూమినియానికి రాగి ముక్క మెలిపెట్టి టేపు చుట్టబోతే ఒప్పుకోవద్దు. ఆ మెలిక దగ్గరే నిప్పు పుడుతుంది. రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టర్లు ఉన్నాయి, అవి వాడాలి. అమ్మమ్మగారు ఒక్కరే ఉంటున్నారని రాశారు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) కూడా పెట్టించండి.

ప్రశ్న: బ్రాండెడ్ కాయిల్ ధరలో సగానికే "ప్యూర్ కాపర్" కాయిల్ ఇచ్చారు. రంగు చూస్తే రాగే. కానీ మా బావ అది రాగి పూత అంటున్నాడు. అయస్కాంతం పెట్టి చూశా, అంటుకోలేదు. అంటే మంచిదేగా? – విజయవాడ

జవాబు: అయస్కాంతం అల్యూమినియానికి కూడా అంటుకోదు తమ్ముడూ, ఆ పరీక్షలో ఇనుము ఒక్కటే బయటపడుతుంది. లోపల అల్యూమినియం, పైన పల్చగా రాగి ఉండే వైరు ఒకటుంది, సీసీఏ అంటారు. తీగలో పది, పదిహేను శాతమే రాగి. అది నకిలీగా పుట్టిన వస్తువు కాదు, కేబుల్ టీవీ, యాంటెన్నా వైర్లలో దాన్ని వాడటం న్యాయమే, ఎందుకంటే ఆ సిగ్నళ్లు తీగ పైపొర మీదే పరిగెడతాయి, లోపల ఏముందన్నది వాటికి పట్టదు. మన ఇంటి కరెంటు తీగ మొత్తాన్నీ వాడుకుంటుంది, కాబట్టి అక్కడ అది అల్యూమినియం లెక్కే. రాగి పొదుపు అనే మంచి మాట అడ్డం పెట్టుకుని దాన్ని రాగి పేరుతో అమ్మడం మాత్రం జనం ప్రాణాలతో ఆడుకోవడమే.

పోగులు కొన్ని కోసి బ్లేడుతో అడ్డంగా గీకండి, లోపల తెల్లగా మెరిస్తే మీ బావ మాటే నిజం. తూకం ఇంకా నమ్మకం: ఒకటిన్నర కాయిల్‌లో లోహమే 1.2 కిలోలు ఉండాలి, సీసీఏ అయితే అర కిలో కూడా ఉండదు, చేతిలో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. తొడుగు తీసిన ఒక్క సన్నటి పోగును పట్టకారుతో పట్టి గ్యాస్ స్టవ్ మంట అంచున పెట్టండి, అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగి చివర వాలిపోతుంది, రాగి 1,085 దాకా కరగదు, ఎర్రగా కాలి నల్లబడుతుందంతే. కొనేముందు ఐఎస్ 694 అని, ఐఎస్ఐ గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు చూసుకుని బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టండి, ఏ కంపెనీదో, లైసెన్సు బతికుందో లేదో చెబుతుంది. బిల్లు లేకుండా కొనకండి. ఇప్పటికే కొన్న కాయిల్ బిగించొద్దు, డబ్బు పోయినా సరే.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదకు సింగ్‌నగర్‌లో మా ఇంట్లో స్విచ్‌బోర్డుల దాకా నీళ్లొచ్చాయి. అప్పుడు స్విచ్చులు మార్చి వాడుతున్నాం. ఇప్పుడు ఎర్తు లీకై అప్పుడప్పుడు ట్రిప్ అవుతోంది. వైరంతా పీకేయాలంటున్నారు, నిజమేనా? – విజయవాడ

జవాబు: అంతా పీకేముందు మెగ్గర్ (వైరు తొడుగు కరెంటును లీకవకుండా ఆపుతోందో లేదో కొలిచే మీటరు) పెట్టించండి. 500 వోల్టుల దగ్గర ఒక్కో లైను విడివిడిగా చూడాలి, ఒక్క మెగోమ్‌కన్నా తక్కువ చూపించిన లైను మాత్రం మార్చాల్సిందే. చాలా ఇళ్లలో తేలేదేమిటంటే, రాగికీ పీవీసీ తొడుగుకీ నాలుగు రోజుల నీళ్లతో పెద్దగా ఏమీ కాదు, పాడయ్యేది చివరలు, జాయింట్లు, బురద నిలిచిన పైపులు. చివర్లు విప్పి చూస్తే పచ్చటి చిలుము కనపడుతుంది. వైరు మిగులు ఉంటే ఎర్రటి రాగి తగిలేదాకా కోసి మళ్లీ బిగించొచ్చు, తొడుగు లోపలికి కూడా నల్లగా పాకి ఉంటే ఆ వైరు తీసేయాలి. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు ఎండబెట్టి వాడుతుంటే మాత్రం వెంటనే మార్చండి, సమయానికి అవి పడతాయన్న నమ్మకం లేదు. ట్రిప్ అవుతోందని విసుక్కుని ఆర్‌సీసీబీని బైపాస్ చేయించే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. మళ్లీ వైరింగ్ చేయిస్తే బోర్డులు ఛాతీ ఎత్తుకు పైన, పైపులు స్లాబు నుంచి కిందికి దిగేలా పెట్టించుకోండి.

ప్రశ్న: మన జిల్లాలోనే రాగి ఉందని మా లెక్చరర్ అన్నారు. మరి దిగుమతి ఎందుకు? – ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఉంది, పాత గుంటూరు జిల్లాలో, ఇప్పటి పల్నాడులో, వినుకొండ వైపు అగ్నిగుండాల. అక్కడి బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ ఒకప్పుడు సీసం తవ్వింది, చుట్టుపక్కల కొండల్లో రాగి ఖనిజం కూడా ఉంది. కానీ మన దేశంలో చెప్పుకోదగ్గ రాగి గనులంటే రాజస్థాన్‌లో ఖేత్రీ, మధ్యప్రదేశ్‌లో మలాంజ్‌ఖండ్, జార్ఖండ్‌లో సింగ్‌భూమ్, అవి మన అవసరంలో కొంతే తీరుస్తాయి. రాగి కరిగించే కర్మాగారాలకు కూడా ఖనిజం ఎక్కువగా ఓడల్లోనే వస్తుంది. 2018లో తూత్తుకుడి కర్మాగారం మూతపడ్డాక శుద్ధి చేసిన రాగిని కూడా బయటి నుంచి ఎక్కువగా తెచ్చుకోవాల్సి వచ్చింది.

అల్యూమినియానికి ఆ ఇబ్బంది లేదు, పక్కనే ఒడిశాలో బాక్సైట్ కొండలున్నాయి, 1981లో పెట్టిన ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కో దామన్‌జోడిలో శుద్ధి చేసి అంగుల్‌లో లోహం తీస్తోంది. అలాగని అది ఊరికే రాదు బాబూ, కిలో అల్యూమినియం తీయడానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు కావాలి, కొండలు తవ్వాలి. అందుకే రాగి బదులు అల్యూమినియం అనగానే పని అయిపోయిందనుకోకుండా, పాత లోహాన్ని మళ్లీ కరిగించడం గురించి కూడా చదువు. పాత అల్యూమినియం కరిగించడానికి కొత్తది తీసే కరెంటులో ఇరవయ్యో వంతు చాలు. రాగి అయితే ఎన్నిసార్లు కరిగించినా గుణం పోదు.

ప్రశ్న: పటమటలో పాత ఇల్లు పడగొడుతున్నాం. కూలీలు వైర్లు కుప్పపోసి కాల్చి రాగి తీస్తామంటున్నారు. ఇవ్వొచ్చా? – విజయవాడ

జవాబు: కాల్చనివ్వకండి. పీవీసీ కాలిన పొగలో ఆమ్లం ఉంటుంది, కళ్లు, గొంతు మండుతాయి, ఆ పక్కనే పిల్లలుంటే ఇంకా ప్రమాదం. పైగా కాల్చిన రాగి నల్లబడి తూకం దగ్గర రేటు తగ్గుతుంది, కాబట్టి నష్టం మీకే. వైర్లను పైపుల్లోంచి లాగేటప్పుడే లావువి, సన్నవి, అల్యూమినియం విడివిడిగా కట్టలు కట్టించండి. లావు వాటికి పొడుగ్గా బ్లేడుతో చీరిస్తే తొడుగు అరటితొక్కలా ఊడొస్తుంది, సన్నవి తొడుగుతోనే అమ్మేయొచ్చు. ఎర్తింగ్ గుంట పూడ్చేముందు తవ్వించి చూడండి, పాత ఇల్లు కదా, అడుగున రాగి ప్లేటు ఉండొచ్చు. తూకం మీ కళ్లముందే వేయించుకోండి.